బొమ్మ గుడ్డెలుగు వెంట్రుక

ముందుగాల ఒట్టు పెట్టుకుంట. ఎందుకంటే కట్టంగూరు చుట్టుపక్కల నన్ను ఎరిగినోళ్లు ఈ కాయితం చూస్తే, "యాదయ్య రాసిండా? అయితే సగం కోసి చదువుండ్రి" అంటరు. మా గొర్ల మంద మీద ఒట్టు, ఆ మందను కాసే మల్లన్న మీద ఒట్టు. ఇండ్ల రాసిన ప్రతి ముక్క నిజం. నేను గప్పాలు కొట్టేటోన్నే, కాదన. కానీ కన్నబిడ్డ జబ్బు మీద ఎవడన్న గప్పాలు కొడ్తడా?

మా వైష్ణవికి అప్పుడు ఏడేండ్లు. రెండో తరగతి. పెండ్లయిన పన్నెండేండ్లకు పుట్టిన పిల్ల కాబట్టి ఇంట్ల ఆమెదే రాజ్యం. నా కథలకు ఆమెనే జడ్జి. నేను జర గీత దాటితే చాలు, "గది అబద్ధం నాయినా!" అని చెయ్యి లేపేది. ఒకనాడు బడి నుంచి వచ్చినంక గొర్ల దొడ్డి కాడ కూసోబెట్టుకొని, మన నల్ల పొట్టేలు సూర్యాపేట బస్సెక్కిందని, కండక్టర్ టికెట్ అడిగితే కొమ్ములు ఊపి పాస్ ఉన్నదని చెప్పిందని మొదలుపెట్టిన. చెయ్యి లేవలే. నా తొడ మీద తల పెట్టి, "మంచిగ చేసింది నాయినా" అన్నది.

నాకు ఆ మాట నచ్చలే. నుదురు ముట్టి చూస్తే కాలుతున్నది.

ఊర్ల ఆర్ఎంపీ డాక్టరు వైరల్ ఫీవర్ అన్నడు. మందులు వేస్తే తగ్గుడు, మళ్ల వచ్చుడు. రెండు వారాలు గిట్లనే నడిచింది. కాళ్లు గుంజుతున్నయని ఏడ్చేది. పిక్కల మీద నీలం మచ్చలు వచ్చినయి. "గొర్రె పొడిచిందా?" అని మా ఇంటామె రేణుక అడిగితే, లేదన్నది.

జబ్బును ముందుగాల పట్టింది మా అవ్వ. అవ్వ అంటే నన్ను కన్నతల్లి. గొర్లకు పురుగు పడి రక్తం తగ్గితే మేము కింది రెప్ప గుంజి చూస్తం. లోపల ఎర్రగుంటే ఫికర్ లేదు, తెల్లగుంటే ఆ గొర్రె మీద ఆశ తక్కువ. అవ్వ వైష్ణవిని ఒళ్లె పండుకోబెట్టుకొని అచ్చం గట్లనే రెప్ప గుంజింది. చూసి చెయ్యి తీసేసింది.

"ఒరే యాదిగా, పోరి రెప్ప సున్నమోలె ఉన్నదిరా. గొర్రెకు గిట్లుంటే ఒక్క పూట ఆగుతమా మనం? లే, నల్గొండ తీస్కపో."

నల్గొండల సీబీసీ అని రక్తం పరీక్ష చేసిన్రు. డాక్టరు సారు ఆ కాయితాన్ని చదివి, బోర్లేసి, మళ్ల తిప్పి చదివిండు.

"ప్లేట్‌లెట్స్ బాగ తక్కువున్నయి. స్మియర్‌ల బ్లాస్ట్స్ అని రాసిన్రు."

"గదంటే ఏంది సార్?"

"అది హైదరాబాద్‌ల చెప్తరు. మీరు ఇంటికి పోకుండ్రి. గిట్లనే బస్టాండ్‌కు పోండ్రి."

బట్టలు లేవు, తువ్వాల లేదు. కట్టు బట్టల తోని పెద్ద దవాఖానకు పోయినం. నడుం బొక్కల నుంచి బోన్ మ్యారో తీసిన్రు. నాలుగో రోజు డాక్టర్ మేడం నన్ను, రేణుకను లోపలికి పిలిచింది.

"మీ పాపది బి సెల్ ఏఎల్ఎల్. బ్లడ్ క్యాన్సర్. పిల్లల్లో ఇది చాలామందికి నయమవుతుంది. కానీ రెండున్నర సంవత్సరాలు ఓపిక పట్టాలి. జబ్బు కంటే ముందు మనం ఇన్ఫెక్షన్‌కు భయపడాలి. కీమోతో తెల్లకణాలు పడిపోతాయి. అప్పుడు చిన్న గీత కూడా పెద్ద గాయమే."

రేణుక ఆ గదిల ఏడ్వలే. బయటికొచ్చి, "నువ్వు చెప్పే కథలల్ల గిసుంటిది ఒక్కటి గూడ లేదు కదనయ్యా" అన్నది.

గొర్లను బామ్మర్ది మీద వదిలేసి, దవాఖాన ఎనుక గల్లీల ఒక అర్ర కిరాయికి తీసుకున్నం. అవ్వ అక్కడ వంట చేసేది. వార్డుల ఒక్కరే ఉండాలె కాబట్టి రేణుక, నేను వంతులేసుకున్నం. నా వంతు ఎక్కువ. ఎందుకంటే సూది పెట్టేటప్పుడు పిల్లకు నా కథ కావాలె.

వార్డులకు ఒక పుస్తకాల బండి వచ్చేది. అండ్ల ఒక ఇంగ్లీషు పుస్తకం దొరికింది. ఒక బొమ్మ గుడ్డెలుగు, దానికి తోడు నలుగురైదుగురు జంతు దోస్తులు. నాకు ఇంగ్లీషు మందు డబ్బాల మీద ఉన్నంతనే వస్తది. అందుకని బొమ్మలు చూపిచ్చుకుంట నా సొంతం చదివిన. కట్టంగూరు చెలకల్ల పత్తి ఏరుకొని, ఆ పత్తినే కడుపుల నింపుకున్న గుడ్డెలుగు. పేరు పత్తయ్య. దోస్తులు ఇద్దరు: ఒంటికొమ్ము మేక, బద్ధకపు ఉడుము. ముగ్గురూ కలిసి లారీల మీద దేశం తిరుగుతరు. ఎక్కడికి పోయినా ఏదో ఒక తప్పు చేస్తరు, ఎవ్వలూ చావరు, మాపటికి అందరూ జొన్నరొట్టె తింటరు.

"నాయినా, పత్తయ్యకు సీబీసీ చేస్తే ఏమొస్తది?"

"పత్తి. తేమ ఎంతున్నదో రాసిస్తరు."

నవ్వింది. స్టెరాయిడ్ల తోని బుగ్గలు ఉబ్బిన ముఖం, నెత్తి మీద ఒక్క వెంట్రుక లేదు. ఆ నవ్వు కోసం నేను ఎన్ని లారీలనన్నా ఎక్కిద్దును.

దవాఖాన గేటు కాడ ఒకామె బొమ్మలు అమ్మేది. మట్టిరంగు గుడ్డెలుగును ఒకటి కొని పైకి తీసుకపోతే సిస్టర్ ఆపింది. "ఈ బొచ్చు బొమ్మలు వద్దయ్యా. దుమ్ము పడ్తది, ఫంగస్ వస్తది. ప్లాస్టిక్ అయితే తుడుస్తం, దీన్నేం జేస్తం?" దాంతోని పత్తయ్య అవ్వ దగ్గరనే ఉండిపోయిండు. రోజూ మాపు ఐదింటికి అవ్వ అంబులెన్సులు ఆగే షెడ్డు కాడ నిలబడి ఆ బొమ్మ చెయ్యి పట్టుకొని ఊపేది. మూడో అంతస్తు అద్దంల నుంచి వైష్ణవి చెయ్యి ఊపేది. కింద అవ్వ ఎంత చిన్నగ కనవడేదో, బొమ్మ ఎంత పెద్దగ కనవడేదో.

పక్క మంచంల మక్తల్ పిల్ల ఉండేది. భాగ్య. తొమ్మిదేండ్లు. నా కథ అంతా విని ఒకనాడు, "మామా, నాకు తాబేలంటే ఇష్టం. తాబేలును గూడ కలుపు" అన్నది. కలిపిన. తాబేలు ఎప్పుడూ ఎనుకబడేది. మిగిలినోళ్లు లారీ ఎక్కి కూసోని, "వస్తాందా?" అని అడిగేటోళ్లు. భాగ్య తన మంచం మీది నుంచి, "వస్తాంది, వస్తాంది, నడుస్తాంది" అని కేకేసేది. అదే ఆమె వంతు.

ఒక పొద్దుగాల భాగ్యను ఐసీయూకు తీసుకపోయిన్రు. రెండో రోజు ఆమె మంచం మీద దుప్పటి మార్చిన్రు. వాళ్లమ్మ వచ్చి పళ్లెం, గలాస తీసుకొని, మా వైష్ణవి దిక్కు చూడకుండ పోయింది.

నేను కథ ఆపలేకపోయిన, చెప్పలేకపోయిన. లారీ కాడికి వచ్చి ఆగిన.

"తాబేలు ఏది నాయినా?"

"వస్తాంది బిడ్డా. నడుస్తాంది."

ఇక అక్కడి నుంచి పిల్ల మారింది. మధ్యాహ్నం వార్డు నిమ్మలంగ ఉన్నప్పుడు ఉలిక్కిపడి నా చెయ్యి పట్టుకునేది. "మంచం కింద నడుస్తాంది నాయినా. చూడు." వంగి చూసేటోన్ని. ఏముంటది, చెప్పులుంటయి. మళ్ల పడుకున్నంక నేను గూడ చెవులు రిక్కిచ్చి వినేటోన్ని. ట్రాలీ చక్రం చప్పుడు ఒకటి దూరంగ, మెల్లగ, ఆగుకుంట వచ్చేది. అది ట్రాలీనే. రోజుకు పదిసార్లు లేచి చూసిన, ప్రతిసారి ట్రాలీనే. అయినా పదకొండోసారి లేస్తుంటి.

తిండి బందయింది. నర్సు వస్తే ఒణుకుడు. కౌన్సెలింగ్ మేడం వచ్చి బొమ్మలు గీయించింది. వైష్ణవి తాబేలును గీసి, దాని కాళ్లు చెరిపేసింది.

కింద అవ్వకు చెప్తే, "పోరి జడుసుకున్నదిరా" అన్నది.

జడుపు అంటే మా దిక్కు ఏం చేస్తరో చెప్పాలె. నా చిన్నతనంల గుడ్డెలుగును ఆడిచ్చేటోళ్లు ఊర్లకు వచ్చేటోళ్లు. జడుసుకున్న పిల్లలను దాని ఈపు మీద కూసోబెట్టి నాలుగడుగులు నడిపిద్దురు. దాని వెంట్రుకలు రెండు రాగి తాయెత్తుల పెట్టి మొలతాడుకు కడుదురు. అది ఒంటి మీద ఉంటే ఏ భయమూ దగ్గరికి రాదని నమ్మకం. నన్ను గూడ కూసోబెట్టిన్రు. భయంతోని పాటు వీనికి సిగ్గు గూడ పోయిందని అవ్వ అందరికీ చెప్పేది. ఇప్పుడు మా దిక్కు గుడ్డెలుగులు అమ్రాబాద్ అడివిల తప్ప లేవు. ఊరికి పట్టుకొస్తే కేసు. మరి వెంట్రుక యాడ దొరుకుతది?

అర్రల పత్తయ్య ఉన్నడు కదా.

ఆదివారం ఒక గంట ఇంకొకరిని పైకి రానిస్తరు. అవ్వ మాస్కు కట్టుకొని వచ్చింది. నేను చాయ్ తాగొస్తనని కిందికి పోయిన. తిరిగొచ్చేవరకు పని అయిపోయింది. బొమ్మ గుడ్డెలుగు మెడ కింద బొచ్చు పీకి, తాయెత్తుల కూరి, పిల్ల నడుముకు కట్టి పోయింది. నాకు ఆ సంగతి తెలియదు.

ఒకటి మాత్రం తెలిసింది. పిల్ల ఆ మాపు నాలుగు ముద్దలు తిన్నది. మంచం కింద చూడుమనలే.

నాలుగో రోజుకు జ్వరం. నూట మూడు. చలి తోని పండ్లు కొట్టుకున్నయి. మేడం వచ్చింది. "న్యూట్రోపీనియాలో ఉంది, తెల్లకణాల లెక్క బాగా పడిపోయింది. ఏఎన్‌సీ వంద కూడా లేదు." రెండు రకాల యాంటీబయోటిక్ పెట్టిన్రు. బ్లడ్ కల్చర్ పంపిన్రు. ఛాతీ చూసిన్రు, నోరు చూసిన్రు, చేతి లైను చూసిన్రు. నడుము మీద చెయ్యేస్తే పిల్ల కెవ్వుమన్నది. "తర్వాత చూద్దాం" అని మేడం నా దిక్కు తిరిగింది.

"ఎక్కడైనా పుండు ఉందా? ఒంటికి ఏమైనా కట్టారా? దాచకుండా చెప్పండి."

"లేదు మేడం" అన్న.

రెండో రోజు జ్వరం దిగలే. మందు మార్చిన్రు. మూడో రోజు పొద్దుగాల సిస్టర్ తడిగుడ్డ తోని ఒళ్లు తుడుస్తుంటె, ఈపు దిక్కు మొలతాడు కింద చెయ్యి ఆగిపోయింది. తాయెత్తు రాసుకొని రాసుకొని తోలు లేచింది. ఆడ కందిగింజంత నల్ల మచ్చ, చుట్టూ ఎర్రగ వాపు. సిస్టర్ కత్తెర తోని తాడు తెంపింది. తాయెత్తు మూత తీసి ట్రేల కొట్టింది. మట్టిరంగు నైలాన్ పోగులు పడ్డయి.

"ఎవరు కట్టిన్రమ్మా ఇది?" అని పిల్లను అడిగింది.

"పత్తయ్య" అన్నది వైష్ణవి, కండ్లు మూసుకొనే. జ్వరంల ఏదో అంటాందని అందరూ అనుకున్నరు.

మేడం ఆ నల్ల మచ్చను వేలుతోని ముట్టకుండ చుట్టూ నొక్కి చూసింది. ఆమె గొంతు పెద్దగ లేవదు ఎప్పుడూ. అప్పుడూ లేవలే. "ఇది ఫంగల్‌లా ఉంది. స్కిన్ నుంచి లోపలికి పోతోంది. రెండు రోజుల ముందు చూసి ఉంటే ఇంత లోతు పోయేది కాదు. నేను అడిగాను కదా మిమ్మల్ని."

రేణుక అప్పుడే గల్లీల నుంచి జావ పట్టుకొని వచ్చింది. ట్రేల పోగులు చూసింది, నన్ను చూసింది.

"మా అవ్వ కట్టినట్టున్నది" అన్న.

కిందికి పోయి అవ్వను నిలదీసింది రేణుక. నేను ఎనుక నిలబడ్డ. అవ్వ నా ముఖంలకు ఒక్కసారి చూసింది. "అవు, నేనే కట్టిన" అన్నది. రేణుక అనరాని మాటలన్నది. "నా బిడ్డను తినడానికే వచ్చినవా ముసల్దానా? మళ్ల ఆమె మీద చెయ్యేస్తే నీ చెయ్యి ఇరుస్త" అన్నది. అవ్వ మాపటి బస్సుకే ఊరికి పోయింది. బొమ్మను సంచిల పెట్టి అర్రల గొళ్లేనికి తగిలిచ్చి పోయింది. ఆ మాపు ఐదింటికి వైష్ణవి అద్దం దిక్కు తిరగలే. తిరిగినా షెడ్డు కాడ ఎవ్వలూ లేరు.

ఆపరేషన్ థియేటర్‌ల ఆ నల్లది కోసి తీసిన్రు. రేగుపండంత గుంత పడ్డది. బయాప్సీల ఫంగస్ అని తేలింది. దానికి ఆంఫోటెరిసిన్ అనే మందు పెట్టిన్రు. అది ఎక్కుతుంటె మంచం మొత్తం ఒణికేది. పిల్లను నేను మీద పడి పట్టుకునేటోన్ని. మేడం రోజూ వచ్చి, "ఇవాళ ఏం చెప్పలేను" అనేది. తొమ్మిది రోజులు అదే మాట. ఆ తొమ్మిది రోజులు నా నోట్ల నుంచి ఒక్క కథ రాలే. పిల్ల అడగలే గూడ. పదో రోజు మేడం, "ఏఎన్‌సీ పైకి వస్తోంది" అన్నది. జ్వరం దిగి పిల్ల కండ్లు తెరిచి మొదటిసారి అడిగింది జొన్నరొట్టె.

కీమో నెల దాక ఆపిన్రు. నెల ఆపితే జబ్బు మళ్ల తిరగబడుతదేమోనని అదొక భయం. తిరగబడలే. ఎనుకటి చోటు నుంచే మళ్ల మొదలుపెట్టిన్రు. ఈపుల సూదులు, బోన్ మ్యారోలు, అన్నీ అయినంక మెయింటెనెన్స్ అని ఇంటికి పంపిన్రు. రోజూ సిక్స్ ఎంపీ గోలీ, వారానికొకసారి మెథోట్రెక్సేట్, నెలనెలా సీబీసీ.

ఇంటికొచ్చినంక అవ్వ దొడ్డి పక్క కొట్టంలకు మంచం మార్చుకున్నది. పిల్ల దగ్గరికి వస్తే మూడడుగుల దూరం నిలబడేది. రేణుక మాట్లాడేది కాదు. వైష్ణవి "నాయినమ్మా" అని ఉరికొస్తే అవ్వ రెండు చేతులు ఎనుకకు పెట్టుకునేది. చేతులు ఇరుస్తననే మాట అంత నిజమనుకున్నది. మందులు అయిపోకముందే, ఒక ఎండకాలంల, పండుకున్నది పండుకున్నట్టే పోయింది.

ఇప్పుడు వైష్ణవి తొమ్మిదో తరగతి. మందులు ఆగి ఏండ్లయింది. ఏడాదికొకసారి చూపిచ్చుకొస్తం. నడుము ఎనుక ఆ గుంత అట్లనే ఉన్నది. లంగా కట్టుకునేటప్పుడు నాడా దాని మీదికి రాకుండ జరుపుకుంటది. మేడం పోయినసారి, "ఇక మీరు నన్ను మరిచిపోవచ్చు" అని నవ్వింది. మేము నవ్వలేకపోయినం. మంచి మాటకు నవ్వుడు మాకు ఇంకా అలవాటు కాలే. మధ్యాహ్నం ఇల్లు నిమ్మలంగ ఉన్నప్పుడు నేను ఇప్పటికీ మంచం కిందికి వంగి చూస్త. ఏముంటది, చెప్పులుంటయి.

ఇసుంటి జబ్బుతోని దవాఖానల కూసున్నోళ్లకు నేను చెప్పేది ఒక్కటే. డాక్టరు అడిగితే ఉన్నది ఉన్నట్టు, అడిగిన గడియలనే చెప్పండ్రి. తాయెత్తు కట్టిన్రా, పసరు పోసిన్రా, బయటి బువ్వ పెట్టిన్రా, బొట్టు పెట్టడానికి చెయ్యి కడుక్కోలేదా, ఏదైనా సరే. తిడ్తరు. తిట్టనియ్యండ్రి. తిట్లు పడి ఎవ్వలూ సచ్చిపోలే.

ఇక ఒట్టు సంగతి. మల్లన్న నన్ను మన్నించాలె. ఇంతదాక రాసినదాంట్ల ఒక్క ముక్క నేను పుట్టించింది.

అవ్వ కట్టలే. నేను కట్టిన.

ఆదివారం అవ్వ పైకి వచ్చింది నిజమే, గంట సేపు పిల్ల కాళ్లు ఒత్తి పోయింది. బొచ్చు పీకింది నేను, అంతకు ముందటి రోజు. అవ్వ చూసి, "పిచ్చోడా, అది ఉత్త బొమ్మరా. బొమ్మ బొచ్చుకు జడుపు పోతదా?" అన్నది. నేను ఇనలే. పత్తయ్య కథలన్ని నేనే పుట్టిచ్చిన. పొద్దుమాపు చెప్పీ చెప్పీ, వానికి పానమున్నదని పిల్ల కంటే ముందు నేనే నమ్మిన. ఆదివారం అవ్వ పోయినంక, నేనొక్కన్నే ఉన్న యాళ్ల చూసి పిల్ల నడుముకు కట్టి, "ఎవ్వలన్న అడిగితే పత్తయ్య కట్టిండను" అన్న. పిల్ల నా మాట నిలబెట్టింది. జ్వరం రాకముందే ఆడ తోలు ఎర్రబడింది చూసిన. కొబ్బరినూనె రాసిన. మేడం అడిగినప్పుడు నా నోరు "లేదు" అన్నది, నా చెయ్యి ఇంకా నూనె వాసన కొడుతాంది.

అవ్వను బస్సెక్కిచ్చేటప్పుడు, "ఎందుకే ఒప్పుకున్నవు?" అని అడిగిన. కిటికీల నుంచి మెల్లగ చెప్పింది.

"నన్ను ఎల్లగొడ్తే ఇంటికి పోత, గొర్లున్నయి. నిన్ను ఎల్లగొడ్తే సూది పెట్టేటప్పుడు పోరికి కథ ఎవ్వలు చెప్తరురా?"

ఆ తర్వాత కొట్టంల ఆమె బతికిన దినాలన్నిట్ల నేను రేణుకకు చెప్పలేదు. అందరికీ అబద్ధమే చెప్పిన. ఇక్కడ గూడ కలం అటే నడిచింది.

ఈ కాయితం అచ్చుకు పంపే ముందు రేణుకకు ఇచ్చిన. గడప మీద కూసోని ఆఖరి దాక చదివింది. కాయితాలు సరిచేసి నా చేతికిచ్చి, ఒక్క మాట అడిగింది.

"అత్తమ్మను నేనన్న మాటలున్నయి గదా. అవి ఇప్పుడు ఎవ్వలకు పోయి చెప్పుకోవాలె నేను?"

మూడు రోజులయింది. ఆమె అడిగిన ఆ మాటను గూడ ఇండ్లనే రాసి పంపుతున్న.